చేతికి సుఖమిచ్చే కీబోర్డు ఏది?
ఆకారం చూసి కొనుగోలు తగదు.. మణికట్టు తీరు, రోజుల వాడకమే కొలమానం

డీటీపీ కేంద్రాలు, మీసేవ కౌంటర్లు, న్యాయస్థానాల ఎదుట టైపింగు దుకాణాలు, దస్తావేజు లేఖరుల గదులు... ఏ జిల్లా కేంద్రంలో చూసినా కీబోర్డే జీవనాధారంగా బతుకుతున్నవారు వందల సంఖ్యలో కనిపిస్తారు. పేజీల లెక్కన కూలి తీసుకునే వారికి వేళ్ల వేగమే ఆదాయం. ఆ వేళ్లు తిమ్మిరెక్కినా, మణికట్టు లాగినా పోయేది ఆరోగ్యం ఒక్కటే కాదు, ఆనాటి సంపాదన కూడా. అందువల్లనే 'ఎర్గోనామిక్' అన్న మాట ముద్రించిన కీబోర్డు కనిపించగానే చాలామంది ఆశగా చూస్తారు. సాధారణ కీబోర్డు కొన్ని వందల రూపాయలకు దొరుకుతుండగా వీటిలో మేలురకాలకు వేలల్లో వెచ్చించవలసి వస్తుంది. అంత సొమ్ము పోసి కొన్నది నిజంగా సుఖమిస్తుందా, లేదా అన్నది తేల్చుకోవడం ఎలా? దుకాణంలో ఐదు నిమిషాలు నొక్కి చూస్తే ఆ సంగతి తెలియదని దశాబ్దాలుగా జరిగిన పరిశోధనలు చెబుతున్నాయి.

మణికట్టుదే అసలు కథ

మనిషి శరీరానికి అనువుగా పనిముట్టును తీర్చిదిద్దే శాస్త్రమే ఎర్గోనామిక్స్. కీబోర్డు విషయంలో ఈ శాస్త్రం ప్రధానంగా పరిశీలించేది మణికట్టునే. మన భుజాలు వెడల్పుగా ఉంటాయి, కీబోర్డు మాత్రం ఇరుకుగా ఉంటుంది. రెండు చేతులూ ఏటవాలుగా లోపలికి వచ్చి మీటల వరుసను చేరుకుంటాయి. వరుస తిన్నగా ఉన్నందున వేళ్లను దానికి సరిపెట్టడానికి అరచేతులు చిటికెన వేలి వైపునకు వంగుతాయి. ఇది మొదటి ఇబ్బంది. కీబోర్డు వెనుకభాగం ఎత్తుగా ఉంటే మణికట్టు పైకి విరుచుకుంటుంది. ఇది రెండోది. అరచేతులు పూర్తిగా నేలవైపు తిరిగి ఉండేలా ముంజేతిని మెలితిప్పి ఉంచవలసి రావడం మూడోది.

మణికట్టులో ఎముకలకు, ఒక పట్టీ వంటి కణజాలానికి మధ్య ఇరుకైన దారి ఉంది. వేళ్లను ముడిచే 9 స్నాయువులు, ఒక ప్రధాన నాడి ఆ దారిగుండానే అరచేతిలోకి వస్తాయి. మణికట్టు వంగేకొద్దీ ఆ దారిలో ఒత్తిడి పెరుగుతుంది. మణికట్టును ఎంతవరకు వంచితే ఈ ఒత్తిడి హద్దు దాటదో లెక్కగట్టిన ఒక అధ్యయనం 2007లో వెలువడింది. పైకి విరవడంలో సుమారు 33 డిగ్రీలు, చిటికెన వేలి వైపు వంపులో సుమారు 15 డిగ్రీలకు లోబడి ఉండటం మేలని అది సూచించింది. పక్కవంపునకు ఉన్న అవకాశం తక్కువని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఈ ఇబ్బందికి మూలం టైపురైటరులోనే ఉంది. క్రిస్టఫర్ షోల్స్ బృందం 1868లో పేటెంటు పొందిన యంత్రాన్ని మెరుగుపరచి రెమింగ్టన్ సంస్థ 1874లో విపణిలోకి తెచ్చింది. మీటల కింద ఉండే ఇనుప కడ్డీలు ఒకదానికొకటి తగలకుండా ఉండేందుకు వరుసలను కొద్దికొద్దిగా పక్కకు జరిపి అమర్చారు. కడ్డీలు పోయి శతాబ్దం మారినా ఆ అమరిక నేటి కీబోర్డులోనూ కొనసాగుతూనే ఉంది. మీటలను రెండు భాగాలుగా విడదీయాలన్న ఆలోచనను జర్మనీకి చెందిన క్లాకెన్‌బర్గ్ 1926లోనే గ్రంథస్థం చేశారు. 1972లో క్రోమర్ అనే శాస్త్రజ్ఞుడు అటువంటి కీబోర్డుపై ప్రయోగాలు జరిపి ఫలితాలను ప్రకటించారు. 1994లో మైక్రోసాఫ్ట్ 'నేచురల్' కీబోర్డును విడుదల చేసిన తరువాతే ఈ రకం సామాన్య వినియోగదారుల బల్లలపైకి చేరింది.

ఇవీ రకాలు

విపణిలో ఎర్గోనామిక్ పేరిట లభించే కీబోర్డులను స్థూలంగా నాలుగు తరగతులుగా విభజించవచ్చు.

ఒకే పలకపై మీటలు రెండు గుంపులుగా విడివడి, నడుమ కొద్దిగా ఉబ్బి ఉండేవి మొదటి తరగతి. మైక్రోసాఫ్ట్ నేచురల్, 2020లో వచ్చిన లాజిటెక్ ఎర్గో కె860 ఈ కోవకు చెందినవి. కొత్తగా మారేవారికి ఇవే సులువు. అయితే రెండు గుంపుల మధ్య కోణం తయారీదారు నిర్ణయించినదే. భుజాలు మరీ వెడల్పుగా, మరీ సన్నగా ఉన్నవారికి అది కుదరకపోవచ్చు.

పూర్తిగా రెండు ముక్కలుగా విడిపోయేవి రెండో తరగతి. ఎడమ ముక్కను ఎడమ భుజానికి, కుడి ముక్కను కుడి భుజానికి ఎదురుగా ఉంచుకోవచ్చు. దూరం, కోణం మన చేతుల్లో ఉంటాయి. తప్పుగా అమర్చుకునే అవకాశమూ అంతే ఉంటుంది.

గిన్నెల మాదిరి లోతు కలిగి, వేళ్ల పొడవును అనుసరించి మీటలు నిలువు వరుసల్లో ఉండేవి మూడో తరగతి. మాల్ట్రాన్, కైనెసిస్ సంస్థల కీబోర్డులు ఇందుకు ఉదాహరణలు. వీటిలో కొన్ని పనులు బొటనవేళ్లకు అప్పగిస్తారు. చేతికి అలవాటు పడటానికి వారాలు పట్టవచ్చు.

ఆకారం మామూలుగానే ఉండి, కుడివైపు అంకెల మీటలు లేని పొట్టి కీబోర్డులు నాలుగో తరగతి. వీటివల్ల మౌస్ దగ్గరకు వస్తుంది. కుడిచేయి పదేపదే దూరం చాచవలసిన అవసరం తగ్గుతుంది. లెక్కల పని చేసేవారికి మాత్రం అంకెల మీటలు లేకపోవడం పెద్ద లోటే.

పరిశోధనలు ఏం తేల్చాయి?

అమెరికాలోని మార్కెట్ విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధకులు 90 మంది అనుభవజ్ఞులైన కార్యాలయ ఉద్యోగుల మణికట్టు కోణాలను కొలిచి 1999లో ఫలితాలు వెల్లడించారు. సాధారణ కీబోర్డుపై చిటికెన వేలి వైపు వంపు సగటున 12 డిగ్రీలుండగా, విడదీసిన కీబోర్డులపై అది తిన్నని స్థితికి 5 డిగ్రీల లోపునకు చేరింది. అంటే ఈ కీబోర్డులు మణికట్టును తిన్నగా ఉంచుతాయన్న మాట నిజమే. కాకపోతే పరీక్షలో పాల్గొన్నవారంతా మీటలు చూడకుండా పదివేళ్లతో టైపు చేసేవారన్నది మరువరాదు. రెండు వేళ్లతో వెతికి నొక్కేవారి చేతులు ఒకచోట నిలవవు కనుక ఈ లెక్క వారికి యథాతథంగా వర్తించదు.

మణికట్టు తిన్నగా ఉన్నంత మాత్రాన సుఖం కలిగినట్లేనా? అమెరికా జాతీయ వృత్తి భద్రత, ఆరోగ్య సంస్థ శాస్త్రజ్ఞులు 1997లో ప్రచురించిన పరీక్షలో 50 మంది పాల్గొన్నారు. ఒక సాధారణ కీబోర్డు, నాలుగు కొత్త రకాలను పోల్చి చూశారు. కొన్నింటిపై ఆరంభంలో వేగం తగ్గి, రెండు రోజుల్లో దాదాపు కోలుకుంది. అలసట, అసౌకర్యం విషయంలో మాత్రం చెప్పుకోదగిన తేడా కనిపించలేదు.

దీనికి భిన్నమైన ఫలితం దీర్ఘకాలిక పరీక్షలో వచ్చింది. చేతి నొప్పులతో బాధపడుతున్న 80 మందిని నాలుగు జట్లుగా చేసి, మూడు జట్లకు మూడు రకాల ఎర్గోనామిక్ కీబోర్డులు, నాలుగో జట్టుకు సాధారణ కీబోర్డు ఇచ్చి 6 నెలలు గమనించారు. ఫలితాలు 1999లో వెలువడ్డాయి. మైక్రోసాఫ్ట్ నేచురల్ వాడినవారికి సాధారణ కీబోర్డు వాడినవారికంటే నొప్పి ఎక్కువగా తగ్గింది. మిగిలిన రెండు రకాలకు అంతటి స్పష్టమైన తేడా రాలేదు. ఎర్గోనామిక్ అన్న పేరున్న ప్రతిదీ ఒకే ఫలితమివ్వదని ఈ పరీక్ష చాటింది.

ఆకారమే కాదు, మీట లోపలి నిర్మాణమూ ముఖ్యమే. చేతుల్లో తిమ్మిరి ఉన్న 20 మందిపై 12 వారాలు జరిపిన మరో పరీక్షలో, బయటకు దాదాపు ఒకేలా కనిపించి మీట నొక్కుడులో తేడా ఉన్న రెండు కీబోర్డులను పోల్చారు. మొదటి 6 వారాల్లో తేడా తేలలేదు. 6 నుంచి 12 వారాల మధ్య ఒక రకం వాడినవారికి నొప్పి తగ్గింది. 1998లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 9241లోని నాలుగో భాగం, మీట నొక్కడానికి అవసరమైన బలం సుమారు 50 నుంచి 80 గ్రాముల బరువుతో సమానంగా, మీట దిగే లోతు 2 నుంచి 4 మిల్లీమీటర్లుగా ఉండటం మంచిదని పేర్కొంది.

ఈ పరీక్షలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విషయం బోధపడుతుంది. రెండు రోజుల్లో తెలియని తేడా కొన్ని వారాల్లో, నెలల్లో తెలిసింది. కొత్త వస్తువు మోజులో తొలిరోజు సుఖంగా తోచినది తరువాత నొప్పించవచ్చు. తొలిరోజు చికాకు పెట్టినదే తరువాత ఊరటనివ్వవచ్చు.

తెలుగు టైపింగుకు వేరే లెక్క

పై పరీక్షలు ఆంగ్లం టైపు చేసేవారిపై జరిగినవి. తెలుగులో వేళ్ల శ్రమ మరోలా పంచుకుంటుంది. 1991 నాటి భారతీయ ప్రమాణంలో చోటు పొందిన ఇన్‌స్క్రిప్ట్ అమరికనే తీసుకుందాం. ఇందులో అచ్చులు, గుణింతపు గుర్తులు ఎడమచేతికి, హల్లులలో అధికభాగం కుడిచేతికి వస్తాయి. చ, జ, ట, డ, య అక్షరాలు ఐదూ కుడిచేతి చిటికెన వేలి పరిధిలోనే ఉన్నాయి. వీటి ఒత్తు రూపాలైన ఛ, ఝ, ఠ, ఢ కావాలంటే అదే మీటతో పాటు షిఫ్ట్ నొక్కాలి. పదం మొదట వచ్చే అచ్చుకు కూడా షిఫ్ట్ తప్పదు.

'అమ్మ' అన్న చిన్న మాటనే చూడండి. షిఫ్ట్‌తో డి మీట నొక్కితే అ వస్తుంది. తరువాత మకారానికి సి, పొల్లుకు డి, మళ్లీ మకారానికి సి. టైపింగు పాఠం ప్రకారం ఈ నాలుగు నొక్కులూ ఎడమచేతి మధ్యవేలివే. తెలుగు ద్విత్వాలకు, సంయుక్తాక్షరాలకు నెలవైన భాష. ప్రతి ఒత్తుకూ ఆ వేలు పొల్లు మీటను నొక్కవలసిందే. ఆంగ్ల అక్షరాలతో తెలుగు రాసే పద్ధతిలో అదే మాటకు రెండుసార్లు 'ఎ' మీట నొక్కాలి. అది ఎడమ చిటికెన వేలిది. తెలుగులో అకారం ఎంత విరివిగా వస్తుందో తెలిసిందే కనుక ఆ వేలి శ్రమ ఊహించుకోవచ్చు. అను ఫాంట్లతో పనిచేసే డీటీపీ వారి అమరికలు వీటన్నిటికీ భిన్నం.

కాబట్టి తెలుగు టైపు చేసేవారు కీబోర్డును తమ అమరికతోనే, తమ పనితోనే పరీక్షించుకోవాలి. ముఖ్యంగా మూడు సంగతులు చూడాలి. మొదటిది, కుడి చివరనున్న బ్రాకెట్టు, కొటేషన్ మీటలు తమ చోటనే ఉన్నాయా అన్నది. కొన్ని పొట్టి కీబోర్డుల్లో వీటిని కుదించడమో, వేరే మీటతో కలిపి నొక్కేలా చేయడమో జరుగుతుంది. అలాగైతే డ, ట రాయడమే కష్టమవుతుంది. రెండోది షిఫ్ట్ మీట. అది పెద్దదిగా, రెండు వైపులా సులువుగా అందేలా ఉండాలి. మూడోది 'బి' మీట. ఇన్‌స్క్రిప్ట్‌లో ఇది 'వ' అక్షరం. విడదీసిన కీబోర్డుల్లో సాధారణంగా ఎడమ ముక్కలో ఉంటుంది. దాన్ని కుడిచేత్తో నొక్కే అలవాటున్నవారు ప్రతి 'వ'కూ తడబడతారు.

ఇంట్లోనే పరీక్ష ఇలా

ప్రయోగశాల లేకపోయినా క్రమపద్ధతి పాటిస్తే ఎవరికి వారే ఒక నిర్ణయానికి రావచ్చు. కొత్త కీబోర్డు రాకముందే మొదలుపెట్టడం ఇందులో కీలకం.

* మొదటి వారం పాత కీబోర్డుతోనే పనిచేస్తూ రోజూ పని ముగిశాక మెడ, భుజాలు, ముంజేతులు, మణికట్లు, వేళ్లకు విడివిడిగా 0 నుంచి 10 వరకు అంకె వేయాలి. 0 అంటే ఏ బాధా లేదు, 10 అంటే భరించరానిది. స్వీడన్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు గున్నార్ బోర్గ్ రూపొందించిన కొలబద్ద ఈ తరహాదే.

* ఒకే నిడివి కలిగిన పేజీని టైపు చేసి పట్టిన సమయం, దొర్లిన తప్పులు రాసుకోవాలి. తెలుగు పని చేసేవారు తెలుగు పేజీనే ఎంచుకోవాలి.

* పనిలో ఉండగా పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి సెల్‌ఫోనుతో ఫొటో తీయించుకోవాలి. పై ఫొటోలో ముంజేతి నుంచి మధ్యవేలి వరకు గీత తిన్నగా ఉందా, పక్క ఫొటోలో మణికట్టు పైకి విరిగిందా అన్నది చూడాలి.

* తరువాత కొత్త కీబోర్డుకు మారాలి. కుర్చీ, బల్ల, మౌస్ మార్చరాదు. అన్నీ ఒకేసారి మారిస్తే ఉపశమనం దేనివల్ల కలిగిందో తేలదు.

* తొలి మూడు నాలుగు రోజుల అంకెలను లెక్కలోకి తీసుకోవద్దు. కనీసం మూడు వారాలు కొనసాగించాలి. అప్పటికి వేగం పాత స్థాయికి చేరిందా, బాధ అంకె తగ్గిందా అని పోల్చాలి. స్పష్టంగా తేలకపోతే ఆరు వారాలు దాటేవరకు రాస్తూ ఉండటం మంచిది.

* చివరగా నాలుగైదు రోజులు పాత కీబోర్డుకు తిరిగి వెళ్లాలి. బాధ మళ్లీ పెరిగితే కొత్తది పనిచేస్తున్నట్లే. తేడా లేకపోతే ఆ ఉపశమనానికి కారణం మరొకటని భావించాలి.

పేజీల లెక్కన పనిచేసేవారు తొందర పని లేని రోజుల్లో మార్పు మొదలుపెట్టడం శ్రేయస్కరం. తొలిరోజుల్లో వేగం తగ్గడం సహజం. గడువు తరుముతుండగా కొత్త కీబోర్డు పట్టుకుంటే కంగారులో మీటలను బలంగా మోదడం, దాంతో నొప్పి పెరగడం రెండూ జరుగుతాయి.

బల్ల సంగతి మరవొద్దు

చాలాచోట్ల కంప్యూటర్లు రాతపనికి ఉద్దేశించిన బల్లలపైనే ఉన్నాయి. వీటి ఎత్తు సుమారు 75 సెంటీమీటర్లు. పొట్టివారు దానిముందు కూర్చుంటే మోచేయి కంటే కీబోర్డే ఎత్తులో ఉంటుంది. భుజాలు పైకి లేస్తాయి, మణికట్టు విరుచుకుంటుంది. ఆ బల్లపై ఎంత ఖరీదైన కీబోర్డు పెట్టినా ఫలితం అంతంతమాత్రమే. కుర్చీని ఎత్తు చేసుకుని కాళ్ల కింద పీట వేసుకోవడం, లేదా బల్ల కింద జారుడు పలక బిగించుకోవడం తక్కువ ఖర్చుతో అయ్యే పనులు. కీబోర్డు మీటలు మోచేయి ఎత్తుకు సమానంగా, లేదా కొద్దిగా దిగువన ఉండాలి.

కీబోర్డు వెనుక ఉండే చిన్న కాళ్లను మడిచివేయడం పైసా ఖర్చులేని చికిత్స. అవి లేపితే మణికట్టు మరింత పైకి విరుచుకుంటుంది. మీటలు చూసుకోవడానికి వీలుగా ఉంటుందన్న ఒక్క ప్రయోజనం తప్ప చేతికి వాటివల్ల మేలు లేదు. కొన్ని ఎర్గోనామిక్ కీబోర్డులకు ముందువైపు ఎత్తు పెంచే ఏర్పాటు ఉండటానికి కారణం ఇదే. ముందున్న మెత్తటి దిండు టైపు చేయని వేళల్లో అరచేతిని ఆనించుకోవడానికే. మణికట్టును దానిపై నొక్కిపెట్టి టైపు చేయడం తగదు.

ముంజేతులకు ఆసరా ఎంత మేలు చేస్తుందో 2006లో వెలువడిన పరిశోధన చూపింది. కాల్‌సెంటరు తరహా పనిలో ఉన్న 182 మందిని ఏడాదిపాటు పరిశీలించగా, బల్ల అంచుకు బిగించిన ముంజేతి పలక వాడినవారికి మెడ, భుజాల నొప్పులు తగ్గాయి. డేటా ఎంట్రీ సిబ్బందికి మామూలు విరామాలకు తోడు గంటకు 5 నిమిషాల చొప్పున అదనపు విరామం ఇచ్చి చూసిన మరో పరిశీలనలో అసౌకర్యం తగ్గింది. పని పరిమాణం మాత్రం తగ్గలేదు. సిబ్బంది చేత పని చేయించుకునే యజమానులు గుర్తుంచుకోదగిన ఫలితమిది.

ఎప్పుడు వైద్యుడిని సంప్రదించాలి?

కీబోర్డు మందు కాదు. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కడం, రాత్రి నిద్రలో తిమ్మిరితో మెలకువ రావడం, చేతిలోని వస్తువులు జారిపోవడం వంటివి కనిపిస్తే పరీక్షలు పక్కనపెట్టి వైద్యుడి వద్దకు వెళ్లాలి. ఇవి మణికట్టులోని నాడి నలిగే కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ లక్షణాలు కావచ్చు. దీనికి కంప్యూటరే కారణమని ముందే తీర్మానించుకోవడం కూడా సరికాదు. డెన్మార్క్‌లో దాదాపు 7 వేల మంది సాంకేతిక ఉద్యోగులను ఏడాది గమనించి 2003లో ప్రకటించిన అధ్యయనం, కీబోర్డు వాడకం ఈ జబ్బుకు పెద్ద ముప్పు కాదని అభిప్రాయపడింది. మధుమేహం, థైరాయిడ్ లోపం, గర్భధారణ సమయంలోనూ ఈ లక్షణాలు కనిపిస్తాయి. అసలు కారణాన్ని వదిలి కీబోర్డులు మారుస్తూ పోతే విలువైన కాలం వృథా అవుతుంది.

కొనేముందు

పాత కీబోర్డు కాళ్లు మడిచి, కుర్చీ ఎత్తు సవరించి, గంటగంటకు విరామం తీసుకుంటూ రెండు వారాలు గడిపి చూడాలి. నొప్పి తగ్గితే ఖర్చు మిగిలినట్లే. తగ్గకపోతే పక్కవంపు ఎక్కువగా ఉన్నదని ఫొటోలో తేలినవారు, పదివేళ్లతో టైపు చేసేవారు విడదీసిన కీబోర్డును ప్రయత్నించవచ్చు. నొప్పి కుడి భుజానికే పరిమితమైతే పొట్టి కీబోర్డు, దగ్గరగా ఉంచిన మౌస్ సరిపోవచ్చు. వాపసుకు ఎన్నాళ్ల గడువుందో దుకాణదారును ముందే అడిగి బిల్లుపై రాయించుకోవాలి. నలుగురైదుగురు పనిచేసే డీటీపీ కేంద్రాల యజమానులు ఒకేసారి అందరికీ కొనడం కంటే, ఒక్కటి తెచ్చి మూడేసి వారాల చొప్పున వంతులవారీగా వాడించి, ఎవరి అంకెలు వారిచేత రాయించడం ఉత్తమం. ఒకరికి హాయినిచ్చినది పక్కవారికి సరిపడకపోవచ్చు. ఆ తేడా కాగితంపై కనిపించిన తరువాతే రెండోదానికి సొమ్ము చెల్లించాలి.